మొగలి వాసన వస్తే

నాలుగున్నరకి గుమ్మంలో నిలబడి
ముందు ముక్కుతో చూస్తాను.
మొగలిపువ్వు వాసనొస్తే నేలగాలి.
పడమటి కంచెల మీంచి దిగి వచ్చి
కెరటం మొహాన్ని ఎదురు దువ్వుతుంది.
ఎండుచేపల వాసనొస్తే ఇంక పడుకోవచ్చు,
గాలి దక్షిణానికి తిరిగిపోయింది,
నీళ్లన్నీ చింపిరి జుట్టు.

ఇవాళ మొగలి.

నిన్న ఏకాదశి, పోటుకి పెద్ద బలం లేదు.
పాటు మొదలై గంట దాటింది.
బాహుదా మొగ దగ్గరి ఇసుకదిబ్బ
మొన్నటి వాయుగుండానికి ఉత్తరంగా జరిగింది.
ఎంత అంటే, తాత పాత తెప్పలు మూడు
వరసగా పరిచినంత.
ఈ సంగతి ఇంకా నాకే తెలుసు.
నిన్న సాయంత్రం కాళ్లతో కొలిచాను.

పూరీ నుంచి వచ్చిన ఒకాయన
రెక్క విరిగిందని వదిలేసిపోయిన పలక ఇది.
విరిగిన చోట టేకుముక్క చెక్కి
పడవకి అతికినట్టే అతికాడు గరగయ్య బాబాయి,
అతుకుతున్నంతసేపూ తిడుతూ.
"మనం తప్పించుకు తిరిగే సోటుకి
నువ్వు ఎతుక్కుంటా ఎల్తావేటే?"

నిజమే. రెండేళ్ల కిందట
ఈ దిబ్బ మీదే ఆయన పడవ తిరగబడింది.
ఇంజను దొరికింది.
ఎడమచేతి రెండు వేళ్లు దొరకలేదు.

అయినా లెక్క నేర్పింది ఆయనే.
పెద్దవి గుంపుగా వస్తాయి, నాలుగో, ఐదో.
తర్వాత కాసేపు సముద్రం
ఏదో మర్చిపోయినట్టు ఆగుతుంది.
పడవకి ఆ ఆగడం కావాలి.
నాకు ఆ గుంపు కావాలి.
ఇద్దరం లెక్కపెట్టేది ఒకే వేళ్ల మీద,
ఆయనకి కొన్ని తక్కువ.

నడుమెత్తు. ఒక్కోటి రొమ్ముదాకా.
కుడికి విప్పుకుంటోంది,
జాకెట్టు కుట్టు ఒక కొసన ఊడితే
వరసగా ఊడిపోతుందే, అలాగ.
బడిలో పదేళ్లు ఢేఉ అని రాశాను, ఇంట్లో కెరటం.
పలక మీద బోర్లా పడుకుని చేతులేస్తున్నప్పుడు
ఏ మాటా గుర్తుండదు,
మెడ తిప్పి వెనక్కి చూడ్డమే.

మొదటిది వదిలేశాను. రెండోది పలచన.
మూడోది
దూరం నుంచే నల్లగా, నున్నగా లేస్తోంది,
ఈ భాదరపదంలో ఇలాంటిది చూళ్లేదు.
పలక తిప్పాను.

అప్పుడు వినిపించింది ఇంజను దగ్గు.

దండాసి బెహరా పడవ.
తండేలు చుక్కాని దగ్గర, బాబాయి ముక్కు మీద,
పాత దారికే గురిపెట్టి వస్తున్నారు.
ఆ దారిలో ఇప్పుడు దిబ్బ ఉంది.

రెండు చేతులూ ఎత్తాను.
మూడోది నా కిందనుంచి వెళ్లిపోయింది,
కడుపులో ఒక్కసారి ఎత్తి దించి.
నా వెనకాల అది విరిగిన చప్పుడు
చాలాసేపు విన్నాను.
నాలుగు.
ఐదు.
పడవ అక్కడే ఊగుతోంది. ఇంజను తిట్టుకుంటోంది.
నీళ్లు చదునుపడ్డాయి.

చెయ్యి దక్షిణానికి చాపి అరిచాను.
ఏబే అన్నానో, ఇప్పుడే అన్నానో,
దండాసికి అర్థమైంది, బాబాయికీ అర్థమైంది.
పడవ నా పక్కనుంచి దూసుకుపోయింది,
డీజిలు, కానాగంతల కంపు, తడి వల.
బాబాయి నా వైపు చూడలేదు.
మూడువేళ్ల చెయ్యి మాత్రం
కొంచెం పైకి లేచి దిగింది.

ఆ తర్వాత చిన్నవి రెండు దొరికాయి.
రెండోదాని మీద నిలబడ్డానో లేదో
ఎండుచేపల వాసన.

ఒడ్డున అమ్మమ్మ
టార్పాలిన్ మీద నెత్తళ్లు తిరగేస్తోంది.
"ఏటి తెచ్చేవే?"
"ఏటీ నేదు."
జుట్టు విదిలిస్తే ఇసుక రాలింది, ఆమె చేపల్లో కూడా.
తిట్టలేదు.
ఇంకో గుప్పెడు తిరగేసి, తల ఎత్తకుండానే,
"దిబ్బ ఎంత దూరం జరిగిందే?" అంది.